పదో తరగతితోనే ఆగిపోయే పౌరశాస్త్రం

పదో తరగతి పూర్తిచేసి ఎంపీసీలోనో బైపీసీలోనో చేరిన విద్యార్థికి పౌరశాస్త్రం, భూగోళశాస్త్రం మళ్లీ పాఠాలుగా ఎదురుకావు. మరో రెండు మూడేళ్లకు ఓటు హక్కు మాత్రం వచ్చేస్తుంది. 61వ రాజ్యాంగ సవరణతో 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గినప్పటి నుంచీ ఇదే పరిస్థితి. కాబట్టి పదో తరగతి సాంఘికశాస్త్రంలో ఏది ఉండాలి, ఏది పోవాలి అన్నది పాఠ్యపుస్తక కమిటీలకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

కొవిడ్ తర్వాత విద్యార్థులపై భారం తగ్గించాలంటూ ఎన్‌సీఈఆర్‌టీ 2022లో పాఠాలను కుదించింది. పదో తరగతి రాజనీతిశాస్త్రం పుస్తకంలో మూడు అధ్యాయాలు పోయాయి. ప్రజాస్వామ్యం-వైవిధ్యం, ప్రజాపోరాటాలు-ఉద్యమాలు, ప్రజాస్వామ్యం ముందున్న సవాళ్లు. నేపాల్‌లో 2006లో రాజు చేతిలోని అధికారాన్ని జనం ఎలా వెనక్కి తీసుకున్నారో, బొలీవియాలోని కోచబాంబాలో నీటి ప్రైవేటీకరణను ఎలా తిప్పికొట్టారో చెప్పింది వీటిలో ఒకటే. రాజనీతిశాస్త్రం పుస్తకాల ముఖ్య సలహాదారులుగా ఉన్న సుహాస్ పల్షీకర్, యోగేంద్ర యాదవ్ 2023 జూన్‌లో వాటి నుంచి తమ పేర్లు తీసేయాలని కోరారు.

ఆ తర్వాత చర్చంతా ఎవరి చరిత్రను తొలగించారన్న చోటే తిరిగింది. అసలు చిక్కు మరోచోట ఉంది. అదే విషయం కింది తరగతిలోనో పై తరగతిలోనో ఉండటం కోతకు ఎన్‌సీఈఆర్‌టీ చెప్పిన కారణాల్లో ఒకటి. ఇంటర్‌లో రాజనీతిశాస్త్రం తీసుకునేవారికి ఈ మాట సరిపోవచ్చు. సైన్స్‌కు వెళ్లేవారికి ఈ సబ్జెక్టులో పై తరగతి అంటూ లేదు. కేరళ 2023లో తొలగించిన భాగాలతో అనుబంధ పుస్తకాలు తెచ్చినా, అవి ప్లస్ వన్, ప్లస్ టూ మానవీయ శాస్త్రాల విద్యార్థులకే.

తెలుగు రాష్ట్రాల్లో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలనే తీసుకుంది. తెలంగాణకు సొంత పుస్తకం ఉంది. అందులో సమకాలీన సామాజిక ఉద్యమాలు, తెలంగాణ రాష్ట్ర సాధన, సమాచార హక్కు పాఠాలున్నాయి. అంటే కోదాడలో చెప్పే ఉద్యమాల పాఠం సరిహద్దు దాటి జగ్గయ్యపేటకు వెళ్తే ఉండదు.

అయితే అధ్యాయాలు తిరిగి చేర్చినంత మాత్రాన పని అయిపోదు. సీబీఎస్‌ఈ పదో తరగతి సాంఘికశాస్త్రంలో 80 మార్కులకు పటం ప్రశ్నలవి 5. అందులో భూగోళానికి దక్కేది 3. ఆనకట్టలు, గనులు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకుంటే చాలు. సొంత ఊరి పటం ఎప్పుడూ చూడకుండానే బడి దాటిపోవచ్చు.

నిజానికి వనరులకు కొరత లేదు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు పటాలను 2017 నుంచి పౌరులకు ఉచితంగా ఇస్తోంది. ఇస్రో ‘భువన్’లో ఉపగ్రహ చిత్రాలున్నాయి. పంచాయతీల ప్రణాళికలు, ఖర్చులు 2020లో మొదలైన ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్లో కనిపిస్తాయి. పటంలో ఊరి చెరువును వెతికి, దాని నీరు ఏ వాగు నుంచి వస్తుందో గీసి, పంచాయతీ ప్రణాళికలో ఆ చెరువు పేరు ఉందో లేదో చూస్తే భూగోళం, పౌరశాస్త్రం ఒకే పాఠమవుతాయి. పేరు లేకపోతే గ్రామసభలో ఎవరిని అడగాలన్నది తర్వాతి పాఠం.

దీనికి కొత్త పుస్తకం అక్కర్లేదు. టైంటేబుల్లో రెండు పీరియడ్లు, ప్రశ్నపత్రంలో కొన్ని మార్కులు చాలు. పరీక్షలో అడగనిదాన్ని పదో తరగతిలో ఏ ఉపాధ్యాయుడూ తీరిగ్గా చెప్పలేడు. కాబట్టి నిర్ణయం ఎస్‌సీఈఆర్‌టీలు, పరీక్షల బోర్డుల చేతుల్లో ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ కొత్త పుస్తకాలు 2024లో ఆరో తరగతితో చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రాలను ఒకే సంపుటిలోకి తెచ్చాయి. ఆ మార్పు పదో తరగతికి చేరే వేళ అడగాల్సింది ఎన్ని పేజీలు తగ్గాయని కాదు. ఆ పుస్తకం మూసేసిన విద్యార్థి తన ఊరి గురించి ఒక ప్రశ్నయినా అడగగలడా అని.