నాటు మాటకు సీమ పురస్కారము

2023 మార్చి 12వ తేదీ రాత్రి అమెరికా దేశమున లాస్ ఏంజిలస్ నగరములో జరిగిన 95వ ఆస్కార్ పురస్కార సభలో ఒక తెలుగు పాట ఉత్తమ గీతముగా ఎన్నికయ్యెను. 'రౌద్రం రణం రుధిరం' అను చిత్రములోని 'నాటు నాటు' అను ఆ పాటను వ్రాసినవారు చంద్రబోసు, స్వరపరచినవారు కీరవాణి. ఆ సభావేదిక మీద రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ దానిని తెలుగులోనే పాడిరి. ఆంగ్లము కాని భాషలోని పాటకు ఈ బహుమానము దక్కుట అదివరకు మూడుమారులు మాత్రమే జరిగినది. 1961లో ఒక గ్రీకు పాట, 2005లో ఒక స్పానిష్ పాట, 2009లో 'జయహో' అను హిందీ పాట ఆ గౌరవమును పొందినవి. 'జయహో' గల చిత్రము బ్రిటిషువారి నిర్మాణము. కావున భారతీయ చిత్రములోని పాటకు ఈ పురస్కారము వచ్చుట ఇదియే ప్రథమము.

కర్నూలు జిల్లా పడమటి తాలూకాలవారు ఈ వార్తకు సంతోషించుటకు మరియొక కారణము కూడ కలదు. ఆ చిత్రమును తీసిన రాజమౌళి జన్మస్థలము రాయచూరు జిల్లా. ఆ జిల్లాకును ఆదోని ప్రాంతమునకును నడుమ నున్నది తుంగభద్ర యొక్కటే. మంత్రాలయము రేవున నిలిచి చూచిన ఆవలి గట్టు కన్నడ దేశము. కాని ఆ గట్టున కాలువల క్రింద సేద్యము చేయవచ్చిన తెలుగు రైతుల క్యాంపులు ఎన్నియో కలవు. అట్టి క్యాంపులలో పుట్టి పెరిగిన తెలుగు ఎంత దూరము పోగలదో ఈ ఉదంతము చూపినది.

సంతోషము సరియే. కాని ఈ పురస్కారము వలన నిరూపితమైనదేమి అను ప్రశ్నకు బడిపంతుళ్లును విద్యార్థులును సమాధానము వెదకవలసియున్నది. తెలుగునాట దీనిని గూర్చి రెండు అభిప్రాయములు వినవచ్చినవి. తెలుగు గొప్పభాష యని నేటికి రుజువైనది అనువారు కొందరు. దొరల యోగ్యతాపత్రము తెలుగువారికేల అనువారు మరికొందరు. ఇరువురును పురస్కారము పుచ్చుకొన్నవారి వంకనే చూచుచున్నారు. ఇచ్చినవారి వంక చూచిన విషయము వేరుగా కనబడును.

ఆస్కార్ పురస్కారములు 1929లో ప్రారంభమైనవి. అవి అమెరికా చలనచిత్ర పరిశ్రమవారు ప్రధానముగా తమ చిత్రములకు తాము ఇచ్చుకొను బహుమానములు. పరభాషా చిత్రములను వారు చాలకాలము లెక్కలోనికే తీసికొనలేదు. 1948లో 'షూషైన్' అను ఇటాలియను చిత్రమునకు ప్రత్యేక గౌరవముగా ఒక బహుమతి నిచ్చిరి. 1952లో జపాను దేశపు కురోసావా తీసిన 'రషోమాన్'కు కూడ అట్లే ఇచ్చిరి. 1956 నాటి చిత్రములు మొదలుకొని 'విదేశీ భాషా చిత్రము' అను పేర ఏటేట పోటీ నడుపసాగిరి. 2019లో గాని ఆ 'విదేశీ' అను మాట తొలగి 'అంతర్జాతీయ' అను మాట చేరలేదు. లోకమునందలి భాషలన్నియు ఒక గదిలో, ఆంగ్లము మాత్రము నడిమింటిలో అన్నట్లు అరువది సంవత్సరములకు పైగా గడచినది.

ఆ గదికి తలుపు కూడ ఇరుకు. ఒక్కొక్క దేశము ఏటికి ఒక్క చిత్రమునే పంపవలెనను నియమము చిన్నదేశములకు సరిపోవచ్చును. రాజ్యాంగము అష్టమ షెడ్యూలులోనే ఇరువదిరెండు భాషలు గల దేశమునకు అది ఎట్లు సరిపోవును? 1957 నాటి 'మదర్ ఇండియా', 1988 నాటి 'సలాం బాంబే', 2001 నాటి 'లగాన్' అను మూడు హిందీ చిత్రములు మాత్రమే 2023 నాటికి ఆ విభాగపు తుదిపట్టికలో చేరగలిగినవి. వాటిలో ఏదియు గెలువలేదు. తెలుగు నుండి 1986లో విశ్వనాథుగారి 'స్వాతిముత్యము' భారతదేశము పక్షమున వెళ్లినది కాని తుదిపట్టిక చేరలేదు. 2022లో దేశము పక్షమున పంపబడినది 'ఛెల్లో షో' అను గుజరాతీ చిత్రము. రాజమౌళి చిత్రమును దేశము పంపనందున నిర్మాతలు సాధారణ విభాగములలో తామే ప్రవేశించిరి. గీత విభాగములో భాషాభేదము లేదు. పాట నెగ్గినది ఆ దారిననే.

ఇంతకు మూడేండ్ల ముందే, 2020 ఫిబ్రవరిలో, బాంగ్ జూన్ హో తీసిన 'పారసైట్' అను కొరియా చిత్రము ఉత్తమ చిత్రముగా ఎన్నికయ్యెను. ఆంగ్లేతర భాషా చిత్రమునకు ఆ స్థానము దక్కుట ఆ పురస్కారముల చరిత్రలో అదియే మొదలు. అంతకు నెల ముందు గోల్డెన్ గ్లోబ్ సభలో ఆ దర్శకుడు, తెర అడుగున కదలు అంగుళమంత అక్షరముల అడ్డును దాటగలిగినచో ప్రేక్షకులకు ఇంకెన్నో మంచి చిత్రములు పరిచయమగునని చెప్పెను. ఆనాటి గోల్డెన్ గ్లోబ్ నియమముల ప్రకారము అతని చిత్రము ఉత్తమ చిత్రము పోటీకే అర్హము కాదు. పరభాషా విభాగములోనే ఉండవలెను. ఆ నియమమును తరువాత సడలించిరి.

కొరియా భాష 2020లో క్రొత్తగా గొప్పదైనదా? తెలుగు 2023లో గొప్పదైనదా? కాదు. మారినవారు న్యాయనిర్ణేతలు. ఆస్కార్ సంఘములో తెల్లవారును వృద్ధులును మాత్రమే నిండియున్నారను విమర్శ వచ్చినందున 2016 మొదలుకొని ఆ సంఘమువారు ఇతర దేశముల కళాకారులను పెద్దసంఖ్యలో సభ్యులుగా చేర్చుకొనిరి. వినువారు మారిరి, వినికిడి మారినది. ఈ పురస్కారము ప్రధానముగా చెప్పునది వినువారి చెవిని గూర్చియే గాని పాడినవారి గొంతును గూర్చి కాదు.

'రషోమాన్' కథయు ఇట్టిదే. ఆ చిత్రము 1951లో వెనిస్ ఉత్సవమునకు వెళ్లుటకు కారణము జపానువారి ఉత్సాహము కాదు. టోకియోలో నున్న ఒక ఇటలీ వనిత దానిని చూచి, మెచ్చి, పట్టుపట్టి పంపించినది. అక్కడ స్వర్ణసింహము దక్కిన పిమ్మట లోకము జపాను చిత్రములన్నిటి వంక తిరిగినది. శ్రద్ధగా చూచిన ఒక్క మనిషి వలన అంతటి కార్యము జరిగినది.

తెలుగు చిత్రములకు వెలుపలి మన్నన ఈ పాటతోనే ప్రారంభము కాలేదను సంగతి విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. 'నర్తనశాల'లో కీచకుడుగా నటించిన ఎస్.వి. రంగారావుకు 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవమున ఉత్తమ నటుడను గౌరవము లభించినది. 'శంకరాభరణము' 1981లో ఫ్రాన్సు దేశమున బెజాన్సాన్ ఉత్సవములో ప్రేక్షకుల బహుమతిని పొందినది. కాని ఆ చిత్రమును ముందుగా నిలబెట్టినవారు తెలుగు ప్రేక్షకులే. మొదటి దినములలో పలుచగా నున్న హాళ్లు చూచినవారి నోటిమాట వలననే నిండినవి.

ఎమ్మిగనూరు నేతగాని దృష్టాంతము ఇక్కడ పనికివచ్చును. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘము వలన ఈ ఊరి బట్టకు దూరదేశముల పేరు వచ్చినది. కొనువాడు వెల కట్టును. వెల పెరిగినచో నేతగానికి సంతోషమే. కాని నూలు నెంబరు ఎంత, పోగు గట్టిదా, నేత ఒత్తుగా పడినదా అను సంగతి మగ్గము ముందు కూర్చున్నవానికి కొనువాడు వచ్చి చెప్పనక్కరలేదు. భాష విషయములో తెలుగువారికి ఆ తెలివిడి ఉన్నదా అనునదే అసలు చిక్కు.

ఆ పాటలోని మాటనే తీసికొనుడు. 'నాటు' అనగా నాటిది, దేశీయమైనది; దేశమను అర్థము గల 'నాడు' శబ్దమునకు అది చుట్టము. కాని వాడుకలో నాటుమందు, నాటువైద్యము, నాటుమనిషి అనునప్పుడు చులకన తోచును. దీనికి ఎదుటిమాట 'సీమ'. రాయలసీమలోని సీమ కాదు; సీమసరకు, సీమసున్నము అనునప్పటి సీమ, అనగా ఓడమీద వచ్చినది. సీమది ఎక్కువ, నాటుది తక్కువ అను భావము తెలుగువారి పలుకులోనే పాతుకొన్నది. ఆ పాట చేసిన ఉపకారమేమనగా, తక్కువ యనబడిన మాటను తల యెత్తి పలికించినది. అందులో జాతర యున్నది, దుమ్ము రేపు ఎద్దున్నది, జొన్నరొట్టె యున్నది. జొన్నరొట్టె ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో కవితావస్తువు కాదు, దినదినము ఇంట తినునది.

అట్టి మాటకు లాస్ ఏంజిలస్‌లో చప్పట్లు మ్రోగినవి. మరి తరగతి గదిలో ఏమి జరుగుచున్నది? ఈ ప్రాంతపు బాలుడు వేరుసెనగను 'బుడ్డలు' అన్నచో, వాక్యములో ఒక కన్నడపు పలుకు దొరలినచో, తోటివారు నవ్వుదురు. కొన్ని చోట్ల గురువులును నవ్వుదురు. ఆ నవ్వు విన్న బాలుడు తరువాత నోరు విప్పడు. తెలుగు గంటలో వెనుక బల్ల మీద మౌనముగా కూర్చుండును. గ్రంథభాషను నేర్పుట గురువు ధర్మమే. ఇంటి మాటను చిన్నబుచ్చుట ధర్మము కాదు. పరదేశములో నాటు మాట గెలిచినదని మిఠాయిలు పంచి, స్వగ్రామములో నాటు మాటను మందలించుట పొసగదు.

ఇక రెండవ ప్రశ్న. పరులు తెలుగును వినలేదని ఇన్నాళ్లు బాధపడిన తెలుగువారు పరభాషలను వినుచున్నారా? అమెరికాలో పెక్కుమంది ఈ చిత్రమును నెట్‌ఫ్లిక్స్‌లో చూచిరి; అచ్చట లభించినది హిందీ అనువాదము. అందువలన దానిని బాలీవుడ్ చిత్రమనిరి. అది తెలుగు చిత్రమని రాజమౌళి స్వయముగా అమెరికా ప్రేక్షకులకు చెప్పవలసివచ్చినది. తెలుగువారికి ఇది కష్టముగా తోచినది. కాని తెలుగువారు కూడ పరభాషా చిత్రములను ఎక్కువగా గొంతులు మార్చిన డబ్బింగు రూపముననే చూచుచున్నారు. తెలుగు అక్షరములు అడుగున పరచి పరభాషా చిత్రమును దాని సొంత గొంతుతో వినుట అరుదు. 'పారసైట్'ను చూడగోరు గ్రామీణ విద్యార్థి ఆంగ్లాక్షరముల నిచ్చెన ఎక్కక తప్పదు. కొరియాకును ఎమ్మిగనూరునకును నడుమ ఆంగ్లమేల కూర్చుండవలెను?

ఈ ప్రాంతమునకు ఇది తగనిది. 1953 వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిదే; ఎమ్మిగనూరు ఆనాడు ఆ తాలూకాలోని ఊరే. ఆ బళ్లారిలో నాటకకళకు ప్రాణము పోసిన రాఘవాచార్యులు తెలుగు, కన్నడము, హిందీ, ఆంగ్లము అను నాలుగు భాషలలో నటించెను. ఒక భాషను వినుట మరియొక భాషకు ద్రోహమని ఆయన తలంపలేదు. సంతలో కన్నడ రైతుతో కన్నడమున బేరమాడు జనమునకు 'సంస్కార' వంటి కన్నడ చిత్రము పరాయిది కానేరదు.

ఇందుకు ఆక్షేపణ లేకపోలేదు. ఈ పురస్కారములు వ్యాపారముతో ముడిపడినవనియు, ప్రచారమునకు డబ్బు గలవారే గెలుతురనియు కొందరందురు. హోరుగల నృత్యగీతమును మెచ్చినవారు నెమ్మదిగల తెలుగు చిత్రమును మెత్తురా అని మరికొందరందురు. రెండింటను నిజము కలదు. అందువలననే పరుల చెవి కొరకు కాచుకొనక, చూచుట వినుట అను విద్యను ఇంటనే అభ్యసింపవలెను. నెమ్మదిగల చిత్రమునకు మొదట కావలసినది నెమ్మదిగా చూచు స్వజనము.

ఆ అభ్యాసమునకు బడి తగిన చోటు. నెలకు ఒకమారు ఉన్నత పాఠశాలలో ఒక పరభాషా చిత్రమును చూపవచ్చును. సత్యజిత్ రాయి 'పథేర్ పాంచాలి'తో ప్రారంభింపవచ్చును. ఒక పది నిమిషముల ఘట్టమును ఎన్నుకొని దాని సంభాషణలకు తెలుగు అక్షరములు కూర్చుడని విద్యార్థులకు పని యియ్యవలెను. తెర మీద రెండు వరుసలకు మించి చోటు లేదు. పాత్ర పెదవి మూయులోపల చదువరి కన్ను వాక్యమును దాటవలెను. ఏ మాట ఉంచవలెను, ఏ మాట విడువవలెను, పల్లెటి ముసలమ్మ పలుకునకు గ్రంథభాష తగునా, ఇంటి మాట తగునా అని పిల్లలు తర్కింతురు. అప్పుడు 'బుడ్డలు' అను మాటకు పని దొరకును. అనువాదమును, సంగ్రహ రచనను, మాండలిక వివేకమును ఒక్క పాఠములో నేర్పు సాధనము ఇంతకన్న వేరొకటి దొరకుట కష్టము.

చదువు తడబడు పిల్లలకును ఇది ఉపకరించును. గుజరాతులో 1999లో దూరదర్శన్ పాటల కార్యక్రమమునకు అదే భాషలో అక్షరములు జోడించి చూపిరి. వినిన పాటను కంటితో వెంబడించుట వలన చదువు పట్టుబడునని ఆ ప్రయత్నము ఆశయము. తరువాత అది ఇతర భాషలకును వ్యాపించినది. 'నాటు నాటు' పాటనే నల్లబల్ల మీద వ్రాసి, పాట వినిపించుచు చదివించినచో పిల్లలు పారిపోదురా?

పురస్కారములు వచ్చును, రాకపోవచ్చును. వచ్చిన యేడు ఊరేగింపు జరుగును. బడిలో జరుగవలసిన పని మాత్రము లాస్ ఏంజిలస్ నిర్ణయము కొరకు ఆగనక్కరలేదు. ఒక తెర, ఒక గోడ, శ్రద్ధగల ఒక తెలుగు పంతులు ఉన్నచో రేపటి సోమవారమే ఎమ్మిగనూరులోనో ఆదోనిలోనో దానిని ప్రారంభింపవచ్చును.