ఉపకారమా? ఒప్పందమా?

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని పెద్దలన్నారు. పూజారి సంగతి సరే, వరమిచ్చిన దేవుడే నడిమధ్యలో మాట మార్చుకుంటే భక్తుడేం కావాలి? ఫీజు రీయింబర్స్‌మెంటును నమ్ముకున్న విద్యార్థి గతి ఇదే.

ఈ పథకం పుణ్యమా అని 2008 తర్వాత నాలాంటి కౌలురైతు బిడ్డలెందరో కాలేజీ గడప తొక్కారు. కాదనను. కాని ఎన్ని మార్పులు! ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పథకం పేరు మారింది. 2021 నుంచి డబ్బు తల్లుల ఖాతాల్లో పడింది. 2024లో ప్రభుత్వం మారాక, మళ్లీ కాలేజీలకే ఇస్తామన్నారు. తెలంగాణలో 2025 నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలే బంద్ చేశాయి. ఏ మార్పు వచ్చినా విద్యార్థిని ముందుగా అడిగినవాడు లేడు.

నా డిగ్రీ ఒక ప్రైవేటు కాలేజీలో పూర్తయ్యేనాటికి రావలసిన విడతలు కొన్ని రాలేదు. ఇక్కడ పి.జి. సీటొచ్చింది; టి.సి. కోసం వెళ్తే, "ముందు బాకీ కట్టు. గవర్నమెంటు వేస్తే తిరిగిస్తాంలే" అన్నాడు గుమాస్తా. "నా ఖాతాలో పడింది పడ్డట్టే తెచ్చి కట్టాను గదయ్యా!" అంది మా అమ్మ. ఆ మాటకు రసీదు లేదు. అమ్మ చెవికమ్మలు కుదువకెళ్లాయి, నాకు టి.సి. వచ్చింది. కమ్మలింకా రాలేదు.

ఖజానాలో డబ్బు లేకపోతే ప్రభుత్వం మాత్రం ఏం చేస్తుందనే మిత్రులున్నారు. నిజమే కావచ్చు. అయితే కొత్త నిబంధన కొత్తగా చేరేవాళ్లకు చెప్పండి, లెక్క చూసుకుని చేరతారు. పాత మాట నమ్మి పడవెక్కినవాణ్ణి నడి ఏట్లో దించెయ్యటం ఏం న్యాయం? దీనికి ఉపకారవేతనమని పేరు పెట్టటంలోనే ఉంది తిరకాసు. ఉపకారమైతే చేసేవాడి ఇష్టం. ఒప్పందమైతే ఇద్దరూ కట్టుబడాలి. చేరిన నాటి నిబంధనే కోర్సు ముగిసేదాకా సాగాలన్నది నా వాదన. బకాయి ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య లెక్క. అందులో విద్యార్థి సర్టిఫికెట్టు తాకట్టు వస్తువు కాకూడదు. కాలేజీలు అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకోరాదని యు.జి.సి. 2018లోనే చెప్పింది. ఆ సంగతి మనలో ఎందరికి తెలుసు?

సోదర విద్యార్థులారా! దరఖాస్తు నకలు, బ్యాంకు పుస్తకం, ప్రతి రసీదూ దాచుకోండి. సాయం ఆగితే, ఎందుకాగిందో ఆఫీసును రాతపూర్వకంగా అడగండి. హాజరు తగ్గిందా, ఆధార్‌తో ఖాతా కలవలేదా, నిధులే రాలేదా? కారణాన్నిబట్టే మందు. మన సంఘం జీ.వో.ల ప్రతులతో ఒక ఫైలు పెట్టాలి. అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు తలా కొంత వేస్తే, విడత వచ్చేదాకా ఆదుకుని, వచ్చాక తిరిగి జమ చేసుకునే నిధి ఒకటి ఏర్పడుతుంది. వచ్చే ఏడాది ఈ సంచిక వెలువడేలోగా అది మొదలవ్వాలి. మరో అమ్మ చెవులు బోసిపోకూడదు.