పగ్గం వదలడం తెలిసిన చెయ్యి

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మన పెద్దల సామెత. మెతకగా ఉంటే ఎవరూ మాట వినరని, పిల్లల్ని గానీ పశువుల్ని గానీ దారిలో పెట్టాలంటే చెయ్యి గట్టిగా ఉండాలని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. మరి నిజంగా గుర్రాన్ని నమ్ముకుని బతికే మనిషి కూడా ఈ మాటే అంటాడా? ఆ మధ్య నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్తూ దారిలో చూసిన ఒక దృశ్యం ఈ సామెతను మళ్లీ ఆలోచించేలా చేసింది.

శిరివెళ్ల దాటాక రోడ్డు పక్కన కోత అయిపోయిన ఒక పొలంలో ఒకాయన మూడేళ్ల ఆడగుర్రాన్ని పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పడం ఆయన జీవనం. తండ్రి జట్కా తోలేవాడట. ఆ గుర్రం మహా బెదురుబోతు. లారీ హారన్ మోగితే ఉలిక్కిపడుతుంది, ముళ్లకంచెకు తగులుకున్న ప్లాస్టిక్ సంచి కదిలితే పక్కకు దూకుతుంది. దూరంగా ఆయన కొడుకు పలక మీద మెల్లగా దరువు వేస్తున్నాడు. గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది, ఒళ్లంతా బిగుసుకుంది. ఆయన ఏమీ అనలేదు, పగ్గం పట్టుకుని నిలబడ్డాడంతే. కాసేపటికి గుర్రం తల దించి, పెద్దగా ఊపిరి వదిలింది. ఆ క్షణమే ఆయన పగ్గం సడలించాడు, దరువూ ఆగింది. మెడ నిమిరి, కాసేపు దాని మానాన దాన్ని వదిలేసి, కొడుకును పది అడుగులు ముందుకు రమ్మన్నాడు. మేమున్న గంటసేపూ జరిగింది ఇదే. దరువు మాత్రం యాభై అడుగులు దగ్గరైంది!

నాలుగు తగిలిస్తే తొందరగా నేర్చుకోదా అని అడిగాం. ఆయన నవ్వాడు. ‘‘కొట్టి నేర్పొచ్చు సార్, రెండు దినాల్లోనే నేర్చుకుంటాది. కానీ రేపు పెళ్లిలో బాంబు పేలినప్పుడు దానికి నేను గుర్తుకు రాను, ఆ దెబ్బే గుర్తుకొస్తాది. అప్పుడు పైన కూర్చున్న పెళ్లికొడుకు గతేం కావాల?’’

ఆయన అనుభవంతో తెలుసుకున్న దాన్ని అమెరికాలో టామ్ డోరెన్స్ (1910-2003), ఆయన శిష్యుడు రే హంట్ (1929-2009) ఒక పద్ధతిగా తీర్చి ఎందరికో నేర్పారు. దానికే ‘నేచురల్ హార్స్‌మన్‌షిప్’ అని పేరొచ్చింది. గుర్రాన్ని లొంగదీయడం కాకుండా, దాని స్వభావాన్ని అర్థం చేసుకుని నేర్పడమే అందులోని సారం. ఆలోచన మాత్రం పాతదే. కోపంలో ఉన్నప్పుడు గుర్రం దగ్గరికి పోవద్దని గ్రీకు రచయిత జెనఫన్ దాదాపు 2,400 ఏళ్ల కిందటే హెచ్చరించాడు.

గుర్రం స్వభావంలో మొట్టమొదటిది భయం. క్రూరమృగాలకు ఆహారమయ్యే జంతువు కాబట్టి పారిపోవడమే దాని ప్రాణరక్షణ. తలకు రెండు పక్కలా ఉన్న కళ్లతో అది తన చుట్టూ దాదాపు అంతా చూడగలదు. సరిగ్గా వెనకాల, నుదుటికి ఎదురుగా ఉన్న కాస్త మేరే కనబడదు. రెండు చెవుల్నీ వేర్వేరు దిక్కులకు తిప్పగలదు. వీపు మీద ఈగ వాలినా అక్కడి చర్మం అదురుతుంది. ఇంత సున్నితమైన ప్రాణికి గట్టిగా చెప్పాల్సిన అవసరమేముంది? ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు 28 గుర్రాలకు మనుషుల ఫొటోలు చూపించి 2016లో ఫలితాలు ప్రకటించారు. కోపంగా ఉన్న ముఖాన్ని చూసినప్పుడు వాటి గుండె వేగం పెరిగిందట. మనం నోరు తెరవకముందే మన ముఖం వాటితో మాట్లాడుతుందన్న మాట!

ఈ శిక్షణలో కీలకమైన సంగతి ఒకటుంది. పగ్గం బిగించినప్పుడు గుర్రానికి తెలిసేది ఇబ్బంది మాత్రమే. బిగువు సడలిన క్షణంలో తాను ఏం చేస్తూ ఉందో, అదే సరైన పని అని అది నేర్చుకుంటుంది. తల దించినప్పుడు సడలిస్తే నెమ్మది నేర్చుకుంటుంది. ముందుకాళ్లు పైకెత్తి తిరగబడినప్పుడు భయపడి వదిలేస్తే, తిరగబడితే విడుదల దొరుకుతుందని నేర్చుకుంటుంది. కాబట్టి సామెత చెప్పే మెత్తని రౌతు దయగల రౌతు కాడు, వదలకూడనప్పుడు వదిలేసే రౌతు. ఇక ఎప్పటికీ వదలని రౌతు సంగతేమిటి? గుర్రం ఒక అడుగు వేసినా, పది అడుగులు వేసినా అతని చేతిలో పగ్గం బిగిసే ఉంటుంది. కొన్నాళ్లకు దాని నోరు మొద్దుబారిపోతుంది. అప్పుడతను ఇంకా పదునైన కళ్లెం వెతుక్కుంటాడు. నోటిని గాయపరిచే ముళ్ల కళ్లేలు పుట్టింది ఇలాగే. జంతుహింస నివారణ చట్టం కింద 1965లో వచ్చిన నిబంధనలు వాటిని నిషేధించినా, మన దేశంలో అవి ఇంకా పూర్తిగా పోలేదు.

పరిశుద్ధ గ్రంథంలోనూ కళ్లెం ప్రస్తావన ఉంది. దేవుడు తన చూపుతోనే మనకు దారి చూపిస్తానంటాడు. వాగ్దానం అది. కళ్లెం వేస్తే తప్ప దగ్గరికి రాని గుర్రంలా, కంచరగాడిదలా ఉండవద్దన్న హెచ్చరిక ఆ తర్వాతే వస్తుంది (కీర్తన 32:8, 9). చూపుతో నడిపించాలంటే ముందు నమ్మకం కుదరాలి కదా! బిలాము తన గాడిదను మూడుసార్లు కొట్టాడు. తనకు కనబడని దేవదూత దానికి కనబడ్డాడని ఆ తర్వాత గానీ అతనికి తెలియలేదు (సంఖ్యా 22). బెదిరిన ప్రాణి ప్రతిసారీ మొండికేసినట్టు కాదు. మనకు కనబడనిదేదో దానికి కనబడి ఉండవచ్చు.

అంతకంటే ఆశ్చర్యం కలిగించేది యేసుప్రభువు యెరూషలేము ప్రవేశం. ఆయన ఎక్కింది అంతవరకూ ఏ మనిషీ కూర్చోని గాడిద పిల్ల (మార్కు 11:2). చుట్టూ జనసమూహం, కేకలు, దారి పొడవునా పరిచిన బట్టలు, చెట్ల కొమ్మలు! పెళ్లిగుర్రాన్ని తిప్పే మన రైతును అడిగితే, అలాంటి గుంపులోకి కొత్త జంతువును తీసుకుపోవడం ఎంత కష్టమో చెబుతాడు. తల్లి గాడిదను కూడా వెంట తోలుకు రమ్మన్నాడని మత్తయి రాశాడు (21:2). లోకాన్ని ఏలే రాజు ఒక పిల్ల జంతువు బెదరకుండా తల్లిని పక్కన ఉండనిచ్చాడని ఆ మాట చదివినప్పుడల్లా మాకనిపిస్తుంది.

ఆ రోజు ఆళ్లగడ్డ చేరేసరికి శిల్పుల పందిళ్లలో ఉలి చప్పుడు వినిపిస్తోంది. రాతిని చెక్కే శిల్పి కొట్టకుండా పని జరగదు. రాయికి దెబ్బ గుర్తుండదు, ప్రాణానికి ఉంటుంది. మన ఇళ్లలో మాత్రం పిల్లల్ని ‘చెక్కుతున్నాం’ అనే అనుకుంటాం. పరీక్షల్లో తొంభై మార్కులు వస్తే మిగతా పది ఏమయ్యాయని అడుగుతాం. పిల్లవాడు ఒక అడుగు ముందుకు వేసినా పగ్గం సడలదు. మేమూ ఈ తప్పు చేశాం. చిన్నమాటకే కళ్లనీళ్లు పెట్టుకునే మా అబ్బాయిని పిరికివాడన్నాం, తర్వాత మొండివాడన్నాం. వాడు మా దగ్గర మాట్లాడటం మానేశాక గానీ తెలియలేదు, మా గొంతు వింటేనే వాడి ఒళ్లు బిగుసుకుంటోందని. పిల్లల మనసు విరిగిపోయేలా విసిగించవద్దని అపొస్తలుడు తండ్రులకే ప్రత్యేకించి చెప్పాడు (కొలస్సీ 3:21).

తండ్రి చేతిలో చిన్నప్పుడు కొరడా దెబ్బలు తిన్న బక్ బ్రానమన్ అనే అమెరికన్ పెద్దయ్యాక రే హంట్ దగ్గర శిష్యరికం చేసి, బెదిరిన గుర్రాలకు ధైర్యం నేర్పే గురువయ్యాడు. అతని జీవితం మీద 2011లో ‘బక్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. దెబ్బ తిన్నవాడు దెబ్బనే తిరిగి ఇవ్వనవసరం లేదు. ‘మా నాన్న కొట్టే పెంచాడు, మేం బాగుపడలేదా?’ అనేవాళ్లకు ఇదే జవాబు.

పెళ్లికి గుర్రాన్ని మాట్లాడుకునే ముందు దాని నోట్లో కళ్లెం ఎలాంటిదో ఒక్కసారి చూడండి. ముళ్లదైతే వద్దనండి. అది నడిచే చోట బాణసంచా కాల్చవద్దని మీ వాళ్లకు చెప్పండి. ఊరేగింపు ముగిసి ఇంటికి వచ్చాక, ఈ రోజు ఒక చిన్న మంచిపని చేసిన బిడ్డ ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, ఇంకా ఏం చేయాలో చెప్పకుండా తల నిమరండి. మేమూ ఇప్పుడు అదే నేర్చుకుంటున్నాం. మొన్న రాత్రి భోజనాల దగ్గర మా అబ్బాయి చాలా రోజుల తర్వాత తనంతట తానే ఒక మాట మొదలుపెట్టాడు. మేము మధ్యలో అడ్డురాకుండా విన్నాం.