నంబరు కాదు, వెడల్పు చూడండి

వేసవి వస్తే రెడ్‌మండ్‌లో అమ్మానాన్నల సీజన్ మొదలు. వాళ్ళు విమానం ఎక్కకముందే మనం డిస్కౌంటులో ఓ జత షూస్ తెప్పించి పెట్టేస్తాం. అక్కడే వస్తుంది తంటా.

నన్నడిగితే పాదం ఎదురుగా లేకుండా షూస్ కొనకూడదు. ఏళ్ళ తరబడి చెప్పుల్లో తిరిగిన పాదం ముందువైపు విచ్చుకుని ఉంటుంది. ఇదేదో నా పైత్యం కాదండోయ్. మన దేశంలో వట్టికాళ్ళతో నడిచేవాళ్ళ పాదాలు పాశ్చాత్యుల పాదాలకన్నా వెడల్పని 2009లో వెలువడిన ఓ పరిశోధన కూడా తేల్చింది. ఇక్కడ మామూలు వెడల్పు మగవాళ్ళకి డి, ఆడవాళ్ళకి బి. బిగుతుగా ఉందని నంబరు పెంచితే మడమ జారుతుంది. నాన్నకి 2ఇ, అమ్మకి డి అడగండి.

పాదాలు కాస్త ఉబ్బే సాయంత్రంపూట, మేజోళ్ళతో సహా తొడిగి చూడండి. వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. సమామిష్ నది పక్క తారుబాటకి మెత్తటి రన్నింగ్ షూస్ చాలు. మూడువేల అడుగులకు పైగా ఎక్కించే మౌంట్ సైకి మాత్రం అడుగున పట్టుండాలి. జిమ్ములో బరువులెత్తడానికి మెత్తటి అడుగు పనికిరాదు.

కారు నడపని పెద్దవాళ్ళకి ఇక్కడ కాళ్ళే స్వాతంత్ర్యం. వేలు నొక్కుకుపోతున్నా నొప్పని చెప్పరు, "ఇవాళ నడవబుద్ధి కావట్లేదురా" అంటారు. ఆ మాట వినబడితే ముందు షూస్ విప్పించి చూడండి.