బ్యాగ్ కొనేది తిరుగు ప్రయాణానికి!

యూట్యూబ్‌లో ఎల్క్ వేట వీడియోలు చూశారా? కొలరాడో కొండలు, పొగమంచు, చెట్ల వెనక నుంచి పెద్ద కొమ్ముల మగ ఎల్క్ కేక. బాణం తగలగానే మ్యూజిక్ పెరుగుతుంది, వీడియో అయిపోతుంది. వేటగాడికి అసలు చాకిరీ మొదలయ్యేది అప్పుడే.

ముందే చెప్పేస్తున్నా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర వేట నేరం. ఇది అమెరికాలో లైసెన్సు తీసుకుని వెళ్లేవాళ్ల సంగతి. డెన్వర్‌లోనో బాయిసీలోనో ఉద్యోగం చేస్తూ, ఆఫీసు ఫ్రెండ్స్ "ఈసారి నువ్వూ రా" అంటే సరేననేసిన మనవాళ్ల కోసం.

ఎదిగిన మగ ఎల్క్ 300 కిలోల దాకా తూగుతుంది. ఎముకలు తీసేసినా దాదాపు 100 కిలోల మాంసం రావచ్చు. అంటే మనింటికొచ్చే 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగు! కారు 5 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. ఒక్కరే నాలుగు విడతలుగా మోస్తే బరువుతో 20 కిలోమీటర్లు, మిగతాది తేవడానికి ఖాళీగా వెనక్కి 15. మొత్తం 35. అదీ పడిపోయిన చెట్లు దాటుకుంటూ, ఊపిరి అందని ఎత్తులో. సగం వదిలేసి వద్దామంటే కుదరదు. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేసి పాడు చేస్తే అక్కడ కేసే. అలాస్కాలోనైతే మూస్ కొమ్ముల్ని మాంసం కంటే ముందు బయటికి తేవడం కూడా తప్పు.

అందుకే "ఎన్ని లీటర్ల బ్యాగ్?" అన్నది తర్వాత. ముందు ఫ్రేమ్ చూడండి. మామూలు ట్రెక్కింగ్ బ్యాగ్ 15 కిలోలకి హాయిగానే ఉంటుంది. 30 పెట్టేసరికి వంగిపోయి భుజాల్ని వెనక్కి లాగేస్తుంది. గట్టి ఫ్రేమ్, మందపాటి నడుం బెల్టు ఉంటే బరువు చాలావరకు తుంటి ఎముకల మీద కూర్చుంటుంది. సైజుకి మీ ఎత్తు చెబితే సరిపోదు. తల వంచినప్పుడు మెడ కింద తగిలే బుడిపె నుంచి తుంటి పై అంచు దాకా టేపుతో కొలిపించుకోండి.

వేట బ్యాగుల్లో ఇంకో సదుపాయం ఉంటుంది. పట్టీలు వదులు చేస్తే సంచి ఫ్రేమ్ నుంచి కాస్త దూరం జరుగుతుంది. ఆ సందులో మాంసం పెట్టి మళ్లీ బిగిస్తారు. బరువు వీపుకి ఆనుకుని ఉంటుంది. మన హమాలీలు బస్తాని వీపుకి అంటించుకుని మోసేదీ ఇందుకే కదా! పైగా రక్తం స్లీపింగ్ బ్యాగ్‌కి అంటదు. మాంసాన్ని గాలాడే గుడ్డ సంచుల్లోనే కట్టాలి. ప్లాస్టిక్ కవర్లో కుక్కితే వేడి లోపలే ఉండిపోయి పాడవుతుంది. సెప్టెంబరు మధ్యాహ్నాలు అక్కడ కూడా వెచ్చగానే ఉంటాయి మరి.

మిస్టరీ రాంచ్, స్టోన్ గ్లేసియర్, ఎక్సో లాంటివి 500 డాలర్లు దాటడం మామూలే. మొదటిసారి వెళ్లేవాళ్లు ఫ్రెండ్ దగ్గర అడిగి తీసుకోవడం నయం. కొనేటట్లయితే డబ్బు ఫ్రేమ్ మీద పెట్టండి, జేబులు పది ఉన్నాయని మురిసిపోకండి. కామోఫ్లాజ్ రంగు కోసం అదనంగా ఇవ్వడం నా దృష్టిలో దండగ. తుపాకీ సీజన్‌లో కొలరాడోలో ఆరెంజో పింకో వేసుకోవాల్సిందే. వెనక బ్యాగ్ ఆ రంగుని కప్పేస్తుంది కాబట్టి దానిమీద కూడా ఓ ఆరెంజ్ గుడ్డ కట్టండి. లేకపోతే వీపున కొమ్ములు మోస్తున్న మనిషి దూరం నుంచి ఎలా కనిపిస్తాడో ఊహించుకోండి!

బ్యాగ్ రాగానే ట్యాగులు కత్తిరించకండి. ఇండియన్ స్టోర్‌లో దొరికే 20 పౌండ్ల బియ్యం బస్తాలు మూడు తెచ్చి అందులో కట్టండి. 27 కిలోలవుతుంది. అపార్ట్‌మెంట్ మెట్లు ఓ అరగంట ఎక్కి దిగండి. దిగేటప్పుడే ఎక్కువ గమనించండి, మోకాళ్ల సంగతి తేలేది అక్కడే. వేళ్లు తిమ్మిరెక్కినా, బెల్టు తుంటి మీంచి జారుతున్నా పట్టీలు సరిచేసి మళ్లీ నడవండి. అప్పటికీ అంతే అయితే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేయండి. బియ్యం ఎలాగూ వండుకోవచ్చు.