పరిశోధన వ్యాసమును పత్రికకు పంపుటకు ముందు

వ్యాసము వ్రాయుట ఒక ఎత్తు. దానిని పండితుల పరిశీలనకు నిలువగల వ్రాతప్రతిగా సిద్ధము చేసి పత్రికకు పంపుట మరియొక ఎత్తు. మన కళాశాలవంటి విద్యాసంస్థలలో ఈ రెండవ పనిని గురించి ప్రస్తావించువారు అరుదు. తరగతిలో చరిత్ర చెప్పుదురు, సాహిత్య విమర్శ చెప్పుదురు. పాదసూచిక ఎట్లు వ్రాయవలెనో, సంపాదకునికి జాబు ఎట్లు వ్రాయవలెనో చెప్పరు. తత్ఫలితముగా ఉర్దూ, తెలుగు రెండును చదువగలిగిన మన విద్యార్థుల శ్రమ కాగితాల కట్టగా అలమారలో ఉండిపోవుచున్నది. లేదా డబ్బు పుచ్చుకొని ఏది పంపినను అచ్చువేయు పత్రికల పాలగుచున్నది. రెండును నష్టములే. కాని రెండవది మొదటిదానికంటె పెద్ద నష్టమని మా అభిప్రాయము.

గోలకొండను 1550 నుండి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవుల నోట మల్కిభరాముడైన సంగతి పాఠకులకు విదితమే. అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చెను. పొన్నిగంటి తెలగనార్యుడు అచ్చతెలుగున యయాతిచరిత్ర రచించి అమీనుఖానునకు అంకితమొసగెను. కుతుబ్‌షాహీల ఫర్మానాలలో కొన్ని పారసీకములోను తెలుగులోను జంటగా వెలువడినవి. ఆ రెండు పాఠములను ప్రక్కప్రక్కన పెట్టుకొని, ఒకదానిలో ఉండి మరియొకదానిలో లేని మాట ఏదో కనిపెట్టగలవాడు ఎవడు? పారసీ షికస్తా లిపి వచ్చినవానికి తెలుగు గొలుసుకట్టు రాదు. గొలుసుకట్టు కూడబలుక్కొని చదువగలవానికి షికస్తా కొరకరాని కొయ్య. ఈ రెండు వ్రాతలను చదువగల పెద్దలు ఏటేట తగ్గిపోవుచున్నారు. అందుచేత మన విద్యార్థి వ్రాసిన ఒక్క వ్యాసము చక్కని పత్రికలో వెలువడుట వాని ఉద్యోగమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు.

ఇట్టి వ్యాసములలో తప్పులు మొదట దొరలు చోటు తేదీలు. చార్మినారు కట్టినది హిజ్రీ 1000లో. హిజ్రీ శకము క్రీస్తు శకము 622లో మొదలైనది గదా యని, వెయ్యికి 622 కలిపినవానికి 1622 వచ్చును. 1612లోనే కన్నుమూసిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా తాను పోయిన పదేండ్లకు చార్మినారు కట్టించినట్లగును! హిజ్రీ సంవత్సరము చాంద్రమానము. సౌర సంవత్సరముకంటె సుమారు 11 రోజులు చిన్నది. వెయ్యేండ్లలో ఆ తేడా సుమారు ముప్పది యేండ్లగును. కనుక హిజ్రీ 1000 అనగా 1591-92. ఫస్లీ సంవత్సరమున మరియొక చిక్కు కలదు. దక్కను ఫస్లీకి 590 కలిపిన క్రీస్తు శకము వచ్చునన్నది మోటు లెక్క. కాని హైదరాబాదు రాజ్యములో ఫస్లీ సంవత్సరము అక్టోబరులో మొదలయ్యెడిది, మద్రాసు రాజధానిలోని ఆంధ్ర జిల్లాలలో జులైలో మొదలయ్యెడిది. ఫస్లీ 1357 ఆరంభమున వ్రాసిన రెవిన్యూ కాగితము గుంటూరిదైనచో 1947 జులై నాటిది, నల్లగొండదైనచో అదే సంవత్సరము అక్టోబరు నాటిది. నడుమ గడచిన మూడు నెలలలోనే దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినది! ఇక ప్రభవ విభవాది తెలుగు సంవత్సరములు అరువదేండ్లకొకసారి తిరిగి వచ్చునవే. ఎల్.డి. స్వామికన్ను పిళ్ళె 1922లో ప్రకటించిన ఇండియన్ ఎఫెమెరిస్ వంటి పట్టికలు ఇందుకే పుట్టినవి. మూలములోని సంవత్సరమును మూలములో ఉన్నట్లే ముందు వ్రాసి, క్రీస్తు శకమును దాని వెంట వ్రాయుట ఉత్తమమైన పద్ధతి. లెక్కలో పొరపాటున్నను మరియొకడు దిద్దుకొనుటకు అది దారి యిచ్చును.

తేదీల తరువాత పేర్లు. తెలుగులో నజరు అని వ్రాసిన మాట ఉర్దూలో జోయ్ అక్షరముతో వ్రాసినచో చూపు. జాల్ అక్షరముతో వ్రాసినచో ప్రభువునకు సమర్పించు కానుక. జే, జాల్, జ్వాద్, జోయ్ నాలుగును తెలుగు లిపిలో ఒక్క జకారములో కలిసిపోవును. తెలుగు కైఫియత్తును మాత్రమే చూచి వ్రాసిన వ్యాసములో ఆ నజరు ఏ నజరో చదువరికి ఎట్లు తెలియును? ఇటు ఉర్దూ లిపిలో ణకార ళకారములు లేవు. ఎ ఏలకు, ఒ ఓలకు భేదము లేదు. ఒక పల్లె పేరు పారసీ కాగితమునుండి ఆంగ్లములోనికి, ఆంగ్లమునుండి మరల తెలుగులోనికి వచ్చుసరికి ఆ ఊరివాడే దానిని గుర్తింపలేని స్థితి ఏర్పడును. పరిశోధన పత్రికలు లిప్యంతరీకరణకు చుక్కలు, గీతలు గల ఒక పద్ధతిని నిర్ణయించుట ఇందుకొరకే. మనవారు దానిని వట్టి అలంకారమనుకొని చివర తీరికయున్నప్పుడు చేయుదురు. మొదటి పుటనుండియే ఒక పద్ధతి పాటించి, ఏ పద్ధతి పాటించినదీ మొదటి పాదసూచికలోనే చెప్పవలెను.

కంప్యూటరు వచ్చిన తరువాత ఈ కష్టము తగ్గవలసినది; కొంత పెరిగినది కూడను. మన పట్టణపు డి.టి.పి. దుకాణములలో తెలుగును అను ఫాంట్లలోను, ఉర్దూను పాత ఇన్‌పేజ్‌లోను కూర్చుదురు. కరపత్రములకు, శుభలేఖలకు అది చాలును. అదే ఫైలును సంపాదకునికి పంపినచో ఆయన తెరపై గజిబిజి అక్షరములు తప్ప మరేమియు కనబడవు. యూనికోడ్‌లోనే కూర్చవలెను. ఎడమనుండి కుడికి పోవు పంక్తి నడుమ ఉర్దూ వాక్యము చొప్పించినపుడు పదముల వరుస తారుమారగుట, పాదసూచిక సంఖ్య ఎగిరి మరియొకచోట వాలుట సామాన్యము. అందుచేత పి.డి.ఎఫ్. ప్రతిని కూడ జతపరచుట మంచిది.

ఆధారములను చూపుట మర్యాదకు సంబంధించిన విషయమని మేము భావింతుము. షికాగో పద్ధతియా, ఎం.ఎల్.ఏ. పద్ధతియా అన్నది ఆ పత్రిక నియమములలోనే ఉండును. అది చూచి దిద్దుకొనుట ఒకటి రెండు రోజుల పని. అసలు ప్రశ్న వేరు. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారములో ఉన్న పత్రమును మనము కన్నులార చూచితిమా, లేక ఎవరో చూచి తమ పుస్తకములో ఉదహరించిన దానిని మనము చూచినట్లు నటించుచున్నామా? ఇతరుల పాదసూచికలను ఎత్తి మన క్రింద పెట్టుకొను అలవాటు పెద్ద పెద్ద వారిలోను కలదు. మొదటివాడు పత్రము సంఖ్య తప్పు వ్రాసినచో ఆ తప్పు నలుగురి పుస్తకములలో స్థిరపడును. ఇటీవల కృత్రిమ మేధ అనునది వచ్చినది. అడిగినదే తడవుగా లేని గ్రంథమునకు లేని పుటసంఖ్య నిచ్చి చక్కని సూచిక వ్రాసిపెట్టును. దానిని సరిచూడక పంపినవాని పేరు సంపాదకుని మనస్సులో చిరకాలము నిలుచును, కోరుకొన్న విధముగా కాదు.

తక్కిన నియమములు సులభమైనవి. చాలా పత్రికలు వ్యాసమును రచయిత పేరు తెలియనీయక సమీక్షకులకు పంపును. కావున పేరు, కళాశాల, కృతజ్ఞతలు వేరు కాగితముమీద ఉండవలెను. మా వెనుకటి వ్యాసములో చెప్పినట్లు అని వ్రాసినచో గుట్టు బయటపడును. ఒకే వ్యాసమును ఒకే కాలమున రెండు పత్రికలకు పంపరాదు. సంపాదకునికి వ్రాయు జాబు అరపుటకు మించరాదు. అందులో వ్యాసము ఏమి క్రొత్తగా చెప్పుచున్నదో రెండు వాక్యములలో చెప్పవలెను. ఆ రెండు వాక్యములు కుదరకున్నచో వ్యాసము ఇంకను సిద్ధము కాలేదన్నమాట.

పంపిన తరువాత మాసముల తరబడి వేచియుండవలెను. వచ్చు జవాబు చాలవరకు తిరస్కారమో, మార్పులు చేసి తిరిగి పంపుమనుటయో అగును. మార్పులు కోరుట అవమానమని తలంచి ఆ కాగితమును మడిచి పెట్టువారు మనలో ఉన్నారు. వాస్తవమునకు అది తలుపు తెరచి పిలుచుట. సమీక్షకుడు అడిగిన ప్రతి ప్రశ్నకు వరుసగా సమాధానము వ్రాసి పంపవలెను. ఆయన పొరబడినచోట ఆధారము చూపి వినయముగా కాదనవచ్చును. తెలియని పండితుడొకడు రూకయైన ఆశింపక మన వ్యాసమును పంక్తి పంక్తి చదివి తప్పులెన్నుట ఎంత అరుదైన ఉపకారము!

ఈ నిరీక్షణ భరింపలేనివారికొరకే మరియొక అంగడి వెలసినది. పేరులో అంతర్జాతీయ అనియుండును. మీ అమూల్య పరిశోధనను వారము రోజులలో ప్రచురింతుమని జాబు వచ్చును. చివర బ్యాంకు ఖాతా సంఖ్య ఉండును. ఈ వ్యాపారము పెరుగుటకు నియమములు కూడ కారణమే. వ్యాసములను లెక్కించి మార్కులు వేయుపద్ధతిని 2010 నాటి యు.జి.సి. నిబంధనలు స్థిరపరచినవి. పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథము సమర్పించుటకు ముందు పరిశోధన పత్రికలో ఒక వ్యాసమైనను వెలువడి ఉండవలెనని 2016 నియమము. గుణమును కొలుచుట కష్టము, సంఖ్యను కొలుచుట తేలిక. తరువాత ఆ సంస్థయే తన ఆమోదిత జాబితానుండి 2018 మే నెలలో 4,305 పత్రికలను తొలగింపవలసి వచ్చినది. 2022లో పిహెచ్.డి. వ్యాస నియమము సడలినది. కేర్ అను పేరుతో నడిపిన జాబితా సైతము 2025 ఫిబ్రవరిలో రద్దయినది. ఇప్పుడు మంచి పత్రిక ఏదో, మాయపత్రిక ఏదో నిర్ణయించుకొను భారము మనమీదనే పడినది. సంపాదకవర్గములోని పండితులు నిజముగా ఉన్నారా? గత సంచికలలోని వ్యాసములను మనము చదివి గౌరవింపగలమా? ఈ రెండు ప్రశ్నలు చాలును. చేతి సొమ్ము పోవుట చిన్న విషయము. ఒకసారి అట్టిచోట అచ్చైన వ్యాసమును మంచి పత్రిక మరల స్వీకరింపదు. మూడేండ్లు శ్రమించి చదివిన ఫర్మానా ఎవరును తెరువని పుటలలో సమాధియగును. దానిని చదువగల రెండవవాడు దొరకునన్న నమ్మకమేమి?

ఈ నియమములన్నియు ఆంగ్లేయుల సంకెళ్ళనియు, మన భాషలకు ఇందు చోటులేదనియు కొందరు మిత్రులు వాదింతురు. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. తెలుగు మూలమును తెలుగు రాని సమీక్షకుడు తీర్పరియై కూర్చుండుట మాకును కష్టముగానే తోచును. కాని ఈ నేల పరిశోధన పత్రికలకు పరాయిది కాదు. నాటి హైదరాబాదు రాజ్యములోని ఔరంగాబాదునుండి మౌల్వీ అబ్దుల్ హక్ 1921లో ‘ఉర్దూ’ త్రైమాసికమును వెలువరించెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1924లో ‘భారతి’ని స్థాపించెను. 1927లో హైదరాబాదునుండి ‘ఇస్లామిక్ కల్చర్’ మార్మడ్యూక్ పిక్తాల్ సంపాదకత్వమున బయలుదేరినది. షికాగోలో సి.ఎం. నయీం 1981లో ప్రారంభించిన ‘యాన్యువల్ ఆఫ్ ఉర్దూ స్టడీస్’ ఆంగ్ల పత్రికయై యుండియు ఉర్దూ రచనలను ఉర్దూ లిపిలోనే అచ్చువేసినది. 2014 వరకు నడచినది. మూలమును మూలలిపిలోనే అనుబంధముగా ఇచ్చుటకు అనుమతింపుడని సంపాదకుని అడుగుటలో తప్పులేదు. అడిగినవారికి దొరకిన సందర్భములు కలవు.

మన కళాశాలలో ఒక చిన్న ఏర్పాటు కావలెనని మా కోరిక. పత్రికకు పంపనున్న ప్రతి వ్యాసమును ముందుగా ఇద్దరి యెదుట బిగ్గరగా చదువవలెను. ఒకరు ఉర్దూ శాఖవారు, ఒకరు తెలుగు శాఖవారు. ఏ పేరు దగ్గర ఎవరు ఆపుదురో, ఏ తేదీ దగ్గర ఎవరు కనుబొమలు ముడివేయుదురో అక్కడ వ్యాసకర్త పెన్సిలుతో గుర్తు పెట్టుకొనును. ఇందుకు నిధులు అక్కరలేదు, కమిటీ అక్కరలేదు. శనివారము మధ్యాహ్నము ఒక గది చాలును. గ్రంథాలయములో హిజ్రీ, ఫస్లీ, శాలివాహన శక సంవత్సరముల తుల్యపట్టిక ఒకటి బీరువాలో పెట్టి తాళము వేయక, బల్లమీద ఉంచినచో ఈ విద్యాసంవత్సరముననే పని ఆరంభింపవచ్చును.