రాళ్లూ రాజులూ

1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసి రాజరాజనరేంద్రుని పట్టాభిషేక సంచికను ప్రకటించింది. రెండేళ్లకు, 1924లో, ‘మాన్ ఇన్ ఇండియా’ పత్రికలో ఎల్.ఎ. కామియాడ్ దిగువ గోదావరి సూక్ష్మ శిలాపరికరాలపై వ్యాసం రాశాడు. రాజరాజు మన పాఠ్యపుస్తకాలకు ఎక్కాడు. ఆ రాతిపెచ్చుల సంగతి ఎందరు తెలుగు అధ్యాపకులు ఎరుగుదురు?

“రాయికి భాష లేదు, అది తెలుగువారి చరిత్ర ఎట్లా అవుతుంది?” అంటారు మన పండితులు. భాష లేకపోవచ్చు, సాక్ష్యం ఉంది. మనిషి కొట్టగా ఊడిన పెచ్చుకు దెబ్బ తగిలినచోట చిన్న ఉబ్బు ఉంటుంది. అక్కడినుంచి అలలవలె గీతలు సాగుతాయి. ఏ కోణంలో కొడితే ఏ అంచు తేలుతుందో ఆ చేతికి ముందే తెలుసు. మనిషిని మనిషిగా తీర్చింది శ్రమేనని 1876లో ఎంగెల్సు రాసినదానికి ఇంతకన్న రుజువేం కావాలి? శాసనంలో రాజు తన గొప్ప తానే చెప్పించుకుంటాడు. రాతిపెచ్చు ఎవరినీ పొగడదు.

కోనసీమ పొలాల్లో వెదికితే లాభం లేదు. డెల్టా నేల కొన్ని వేల ఏళ్లుగా నది తెచ్చిపోసిన ఒండ్రు. అందులో రాయి పుట్టదు. పోలవరం ఎగువకు, పాపికొండల వాగుల గట్లకు పోవాలి. ఆ నేలకే ఇప్పుడు ముంపు వచ్చిపడింది. 2014లో జాతీయ ప్రాజెక్టయిన పోలవరం జలాశయం 45.72 మీటర్ల మట్టానికి నిండాలంటే లక్షకు పైగా కుటుంబాలు ఊళ్లు విడవాలి. వారిలో కోయలూ కొండరెడ్లూ వేలాదిగా ఉన్నారు. వేలేరుపాడు మండలం రుద్రమకోటలోని పెద్ద రాతిసమాధులు కంటికి ఆనుతాయి గనుక పురావస్తుశాఖ అక్కడికి చేరింది. అరచేతిలో ఇమిడే పెచ్చు కోసం ఎవరు వంగి చూస్తారు?

ఆ కొండజనాన్నే రాతియుగపు మనుషులనే పెద్దమనుషులూ ఉన్నారు. ఇది అజ్ఞానం మాత్రమే కాదు. పట్టా అడిగే, కూలి అడిగే, పునరావాసం అడిగే ఆ ప్రజలు మన సమకాలికులు. వారిని గతంలోకి నెట్టడం వారి నేలను కాజేయడానికి తొలిమెట్టు.

కనుక విద్యార్థులు వానలు వెలిశాక దున్నిన చేలల్లో, వాగు కోసిన గట్లమీద నడవాలి. దొరికిన రాయిని జేబులో వేసుకురావడం పరిశోధన కాదు. ఎక్కడ, ఏ మట్టిపొరలో ఉన్నదో తెలియని రాయి సాక్ష్యం చెప్పలేదు. చోటు రాసుకోవాలి, పటం గీయాలి, పురావస్తుశాఖకు తెలపాలి, దారి చూపిన ఊరివారి పేరు మొదట రాయాలి.

నీరు నిండేలోగా ఆ నేలనంతా వెదికించాలనీ, ఊరివారికి న్యాయమైన పునరావాసం ఇవ్వాలనీ ఒకే గొంతుతో అడగాలి. ఇవి రెండు కోరికలు కావు. ఆ నేలమీద పనిచేసి బతికినవాళ్లూ, బతుకుతున్నవాళ్లూ లెక్కలోకి రావాలన్న ఒకే కోరిక.